ఖజానా సొమ్ముతో పండగ

పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో ఒక కథ ఉంది. కల్యాణంలో బిజ్జలుడి దగ్గర భండారిగా ఉన్న బసవన్న రాజుగారి ధనాన్ని జంగములకు దోచిపెడుతున్నాడని గిట్టనివాళ్లు రాజుకు చాడీలు చెబుతారు. తీరా లెక్క చూస్తే ఖజానాలో ఏమీ తగ్గదు. భక్తులకు అది శివుడి మహిమ. మహిమను పక్కన పెట్టి చూసినా ఆ ఫిర్యాదుకు విలువ ఉంది: అందరి దగ్గరా వసూలు చేసిన సొమ్మును ఒకరి భక్తికి ఎలా ఖర్చు పెడతారు? ఆ కల్యాణమే నేటి బీదర్ జిల్లాలోని బసవకల్యాణ. ప్రశ్న కూడా ఆ జిల్లాను వదిలిపోలేదు. 2023 జనవరిలో అక్కడ ప్రభుత్వ ఖర్చుతో బీదర్ ఉత్సవం జరిగింది. కన్నడం, దక్కనీ ఉర్దూ, మరాఠీ, తెలుగు కలగలిసి వినిపించే ఊరు బీదర్. లింగాయతులు, ముస్లిములు, సిక్కులు, క్రైస్తవులు, నరసింహ ఝరణికి మొక్కుకునే వైష్ణవ భక్తులు, అందరూ అక్కడివాళ్లే. అలాంటి ఊళ్లో సర్కారు పండగ చేస్తే అది ఎవరి పండగ అవుతుంది? నా వరకు జవాబు ఇది: సర్కారు పండగకు చోటు ఇవ్వవచ్చు, వసతి కల్పించవచ్చు, ఆ పండగకు అర్థం ఏమిటో చెప్పే అధికారం మాత్రం చేతిలోకి తీసుకోకూడదు.

చట్టం ఈ ప్రశ్నను సగం దూరమే తీసుకెళుతుంది. ఏదైనా ఒక మతాన్ని పోషించడానికని ప్రత్యేకించిన పన్ను కట్టమని ఎవరినీ బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 27వ అధికరణం చెబుతోంది. 2011లో హజ్ సబ్సిడీ కేసులో సుప్రీంకోర్టు దాన్ని వివరిస్తూ, పన్నుల రాబడిలో గణనీయమైన భాగం ఒక మతానికి పోతేనే ఉల్లంఘన అవుతుందని తేల్చింది. అంటే పండగకు కొంత ఖర్చు పెట్టడం నేరం కాదు. నేరం కానిదల్లా సబబని అనుకోలేం కదా. 2025లో మైసూరు దసరాను ప్రారంభించడానికి కర్ణాటక ప్రభుత్వం రచయిత్రి బాను ముష్తాక్‌ను పిలిచినప్పుడు, చాముండేశ్వరి పూజతో మొదలయ్యే ఉత్సవానికి ముస్లిం మహిళ ఎలా వస్తారని కొందరు కోర్టుకెక్కారు. హైకోర్టూ సుప్రీంకోర్టూ ఆ అర్జీలను కొట్టేశాయి, సరిగ్గానే కొట్టేశాయి. ప్రభుత్వ వేదిక పౌరులందరిదీ. అయితే ఆ తగాదాకు మూలం అతిథి ఎంపికలో లేదు. ఒకే కార్యక్రమం అటు అర్చనగానూ ఇటు ప్రభుత్వ సభగానూ నడవడంలో ఉంది. అర్చన అర్చకులకూ సభ ప్రభుత్వానికీ విడిగా ఉంటే, పూజకు ఎవరు అర్హులో మంత్రిగారు తేల్చనక్కర్లేదు. సభకు ఎవరు రావాలో భక్తులు తేల్చనక్కర్లేదు.

పండగ అర్థాన్ని భక్తులకే వదిలేయవచ్చని చెప్పడానికి బీదర్ దగ్గరే పాత సాక్ష్యం ఉంది. పట్టణానికి తూర్పున అష్టూర్‌లో బహమనీ సుల్తానుల సమాధులున్నాయి. వాటిలో 1422 నుంచి 1436 దాకా ఏలి, గుల్బర్గా నుంచి రాజధానిని బీదర్‌కు మార్చిన అహ్మద్ షా సమాధి దగ్గర ఏటా ఉర్సు జరుగుతుంది. ముస్లిములకు ఆయన వలీ, అంటే మహాత్ముడు. లింగాయతుల్లో ఎందరికో ఆయన బసవన్న కాలపు శరణుడు అల్లమప్రభువు అవతారం. ఉర్సు తేదీని హోలీ తర్వాత చాంద్రమాన తిథిని బట్టి లెక్కిస్తారు. మాడ్యాళ నుంచి జంగముడు ఊరేగింపుగా వస్తాడు, శంఖం ఊదుతారు, కొబ్బరికాయ కొడతారు. ఇక్కడ గమనించాల్సింది రెండు నమ్మకాలు ఒకటి కాకపోవడం. ఆయన వలీయా, అల్లముడా అని తేల్చమని ఎవరూ ఎవరినీ నిలదీయరు. తేల్చితే ఉర్సు ఉండదు. ఒక కమిటీ కూర్చుని ఇద్దరికీ ఒప్పుదలయ్యే మాట ఒకటి రాసి బ్యానర్ మీద వేస్తే, అది ఇద్దరికీ పరాయిదవుతుంది.

కమిటీలు చేసే పొరపాటు సరిగ్గా ఇదే. వచనాలకు పావుగంట, కవ్వాలీకి పావుగంట, గురునానక్ ఝీరా గురుద్వారా నుంచి కీర్తనకు పావుగంట కేటాయించి సమానత్వం వచ్చేసిందని అనుకుంటారు. ఇలాంటి పొరపాటుకు అమెరికాలో 1984లో తేలిన ఒక కేసు ఉదాహరణ. పాటకెట్ నగరం క్రిస్మస్ అలంకరణలో బాల ఏసు బొమ్మల కొలువు పెట్టడం తప్పు కాదని అక్కడి సుప్రీంకోర్టు ఒక్క ఓటు తేడాతో తీర్పునిచ్చింది. పక్కనే శాంటాక్లాజు, దుప్పి బొమ్మలు ఉండడం ఆ వాదనకు కలిసొచ్చింది. నగరం గెలిచింది గానీ నిజమైన భక్తుడు సంతోషించాల్సిన తీర్పు కాదది. దేవుడు అలంకరణలో ఒక వస్తువైతేనే సర్కారు పందిట్లో చోటు దొరికిందన్నమాట. సాధకుడి కీర్తనను వినోద కార్యక్రమంలో ఒక ఐటెమ్ చేసినా జరిగేది అదే.

అలాగైతే సర్కారు పూర్తిగా తప్పుకోవడమే మేలు కదా అని హేతువాదులు అడుగుతారు. తప్పుకోవడం కుదరదు. ఏ జాతర జరిగినా రోడ్డు మళ్లించాలి, నీళ్లు పెట్టాలి, పోలీసులు నిలబడాలి. పైగా సర్కారు చేతులు ముడుచుకుంటే డబ్బున్న మఠాలూ దర్గాలూ వైభవంగా చేసుకుంటాయి, పేద వాడ పండగ చీకట్లో జరుగుతుంది. అందుకే ఏ సమూహానికి ఎంత అవసరమో చూసి వసతులివ్వాలి. మరి మెజారిటీకి ఎక్కువ వాటా రావద్దా అన్నది రెండో వాదన. జనం ఎక్కువ వచ్చే చోట మరుగుదొడ్లు ఎక్కువ కావాలి, నిజమే. గౌరవాన్ని మాత్రం తలలు లెక్కపెట్టి పంచలేం.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం మూడోది. ఎవరి అర్థం వాళ్లకు వదిలేస్తే ఊరు చీలిపోదా? అష్టూర్ ఉర్సు అంత గొప్పదైతే 1948లో అది ఎవరిని కాపాడింది? ఇది తప్పించుకోదగిన ప్రశ్న కాదు. హైదరాబాద్ మీద పోలీసు చర్య తర్వాత జరిగిన హింసను విచారించిన సుందర్‌లాల్ కమిటీ, ఎక్కువగా దెబ్బతిన్న జిల్లాల్లో బీదర్‌ను కూడా పేర్కొంది. అంతకుముందు రజాకార్ల దౌర్జన్యాలనూ అక్కడి జనం అనుభవించారు. కాబట్టి ఉర్సు రక్షణ కవచమని చెప్పను. ఏ పండగా ఆ పని చేయలేదు. ప్రాణానికీ ఇంటికీ భద్రత ఇవ్వాల్సింది ప్రభుత్వం. ఆ పని తప్పినప్పుడు ఎన్ని సామరస్య గీతాలు పాడించినా ఆ లోటు పూడదు. సర్కారు తన పని వదిలి జనానికి సహనం బోధించడం కంటే, తన పని చేసి సహనాన్ని జనానికి వదలడం మంచిది.

ఈ లెక్కన ఉత్సవానికి పూనుకునే అధికారి ముందు మూడు ప్రశ్నలు ఉంటాయి. మన సొమ్ము ఆగిపోయినా ఈ పండగ ఏదో ఒక స్థాయిలో బతుకుతుందా? దీన్ని జరుపుకునేవాళ్లే దీని తీరును నిర్ణయిస్తున్నారా? రాని పౌరుడు ఏమైనా కోల్పోతున్నాడా? మొదటి రెంటికి అవునని, మూడోదానికి లేదని జవాబు వస్తే ఖర్చు పెట్టవచ్చు. మొదటిదానికే జవాబు లేదని వస్తే అది జనం పండగ కాదు, ప్రభుత్వ ప్రచారం. దాని ఖర్చును ప్రచార పద్దులోనే రాయాలి.