పుట్టుకతోనే దుష్టుడా?



బల్ల చుట్టూ కూర్చుని ఆడే ఒక ఊహా ఆటను గూర్చి ఈసారి ఆలోచిద్దాం. దాని పేరు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికావారు రూపొందించగా 1974లో వెలువడింది. ఒకరు కథ నడిపిస్తారు. మిగిలినవారు అందులో వీరులవుతారు. పాచికలు వేసి గెలుపోటములు తేల్చుకుంటారు. వీరులకు ఎదురుపడే భూతాన్ని కథ నడిపేవారు స్వయంగా కల్పించవచ్చు. దాని బలమెంత, ప్రాణమెంత, ఎక్కడ ఉంటుంది, ఏమి తింటుంది అన్నీ కాగితం మీద రాసుకుంటారు.

1980ల్లో అమెరికాలోని కొన్ని క్రైస్తవ సంఘాలు ఇది సాతాను ఆట అని ఖండించాయి. భూతాన్ని ఊహించవచ్చునా అన్నది వారి ప్రశ్న. మన ప్రశ్న వేరు. ఊహించిన భూతానికి ఎటువంటి స్వభావం ఇవ్వాలి?

గైగాక్స్ ఒక చవక ప్లాస్టిక్ బొమ్మను చూసి ‘రస్ట్ మాన్‌స్టర్’ను కల్పించాడు. దాని మీసాలు తగిలితే ఇనుము తుప్పు పడుతుంది. ఆ తుప్పే దాని ఆహారం. కత్తి, కవచం ఉన్నవాడికి అదంటే హడల్. చేతికర్ర వాడికి భయం లేదు. నాలుగు ఇనుప మేకులు విసిరితే అది తింటూ ఆగిపోతుంది, వీరులు తప్పుకొని పోవచ్చు. దానికి ఆకలి ఉంది గాని ద్వేషం లేదు.

‘ఆర్క్’ జాతి సంగతి అలా కాదు. 1977లో వచ్చిన ఈ ఆట భూతాల గ్రంథంలో ప్రతి జీవికి నైతిక స్వభావం కూడా అచ్చువేశారు. ఆర్కులకు ‘దుష్టం’ అని రాశారు. అంటే కనబడగానే చంపవచ్చు, విచారించనక్కరలేదు. ఆర్కులు మొదట టోల్కీన్ కథల్లోనివి. ఒక జాతి మొత్తం మార్పుకు తావులేనిదిగా ఉండగలదా అన్న ప్రశ్న ఆయనను చివరి వరకు వేధించింది.

అదే గ్రంథంలో మన దేశపు రాక్షసుడు కూడా పులి తలతో, దుష్టుడిగానే ఉన్నాడు. కాని మన నేల కథల్లో రాక్షస కులాన పుట్టిన విభీషణుడు న్యాయం వైపు నిలిచాడు. హిరణ్యకశిపుని ఇంట ప్రహ్లాదుడు పుట్టాడు. అరువు తీసుకున్నవారు కోరలు తీసుకున్నారు, విభీషణుణ్ణి వదిలేశారు. ఆర్కుల వంటి జాతులను కూడా ఇతర జనులవలె మంచిచెడులు రెండూ గలవారిగా చూపుతామని ఆట ప్రచురణకర్తలు 2020లో ప్రకటించారు.

“ఆటకు ఇంత విచారమెందుకు? శత్రువు స్పష్టంగా ఉంటేనే గదా ఆట రక్తి కట్టేది” అని కొందరు అనవచ్చు. నిజమే, శత్రువు ఉండవచ్చు, భయంకరంగానూ ఉండవచ్చు. తోడేలు భయంకరమే, కాని దానిది నేరం కాదు. తెలిసి కీడును ఎంచుకున్నవాడిది నేరమే. ఎంచుకునే అవకాశమే ఇవ్వకుండా పుట్టుకనే నేరంగా చేయడం మాత్రం అన్యాయం. ఊహలో అలవాటైన తీర్పు వీధిలో మనుష్యుల మీద పడడానికి ఎంతో కాలం పట్టదు. పరభాషా ప్రాంతంలో తరతరాలుగా కాపురమున్న మనకు “వాళ్లంతా అంతే” అన్న మాట ఎంత గుచ్చుకుంటుందో ఒకరు చెప్పనక్కరలేదు.

కాబట్టి మన యౌవనస్థులు ఎప్పుడైనా భూతాన్ని కల్పిస్తే కోరలు, గోళ్లు ఎన్నైనా పెట్టనివ్వండి. దానితోపాటు మూడు ప్రశ్నలకు జవాబు రాయమనండి. దానికి ఏమి కావాలి? అది చెడ్డదైతే, ఆ చెడును ఎప్పుడు ఎంచుకుంది? దానిని చంపకుండా దాటిపోయే దారి ఉందా? ఈ మూడూ అడగడం నేర్చిన పిల్లవాడు పొరుగువాణ్ణి చూసినప్పుడు కూడా ఒక క్షణం ఆగి ఆలోచిస్తాడు.