వేగమూ – పంపకమూ

గరివిడిలో నేనుంటున్న ఇంటికి నిరుడు కొత్త ఫైబర్ తీగ వచ్చింది. పాత తీగకంటె ఎన్నో రెట్లు వేగం. ఆ రాత్రి, ఎన్నాళ్లుగానో కావాలనుకుంటున్న పాత పుస్తకాల ప్రతులు అరగంటలో దించుకొని సంతోషించాను. ఆ సంతోషం వెనకనే పుట్టిన ఒక సందేహం ఈ వ్యాసానికి మూలం.

2020లో కళాశాలలు మూతపడ్డ రోజుల్లో సాయంత్రంపూట ఫోనులో పాఠాలు చెప్పేవాణ్ణి. ఇక్కడికి అయిదారు కిలోమీటర్ల దూరంలోని పల్లెలో వున్న ఒక విద్యార్థిని పేరుకెదురుగా వరసగా గైరుహాజరు వేస్తూ పోయాను. తరవాత ఆమె చెప్పింది: “చెరువు గట్టు మీదికెళ్తే గాని మీ గొంతు అందదు మేస్టారూ. పొద్దుగూకితే ఇంట్లో వెళ్లనివ్వరు.” గైరుహాజరయింది తీగ; శిక్షపడింది పిల్లకు. శిక్ష వేసినవాణ్ణి నేను.

ఈ విషయం ఎత్తితే మనలోనే కొందరు మిత్రులు రెండు అభ్యంతరాలు చెబుతారు. తాగేనీరు సరిగా లేని పల్లెకు ఇంత వేగమెందుకన్నది మొదటిది. ఆ వేగం మోసుకొచ్చేది సినిమాలూ వ్యాపార ప్రకటనలే గదా అన్నది రెండోది.

మొదటిదానికి నా సమాధానం ఇది: అవసరమనేది ప్రకృతి ఒకసారి నిర్ణయించి వదిలేసిన కొలత కాదు, సమాజంతోపాటు పెరుగుతుంది. 2004లో మన ప్రభుత్వం సెకనుకు 256 కిలోబిట్లు అందితే బ్రాడ్‌బాండ్ అన్నది. 2023లో అదే ప్రభుత్వం 2 మెగాబిట్లకు తక్కువైనది బ్రాడ్‌బాండే కాదన్నది. పరీక్ష ఫీజూ, ఉపకారవేతనమూ, భూమి పత్రమూ అన్నీ తీగ మీదికి ఎక్కించాక, తీగ లేనివాడు వున్నచోటనే వున్నాడనుకోవడం పొరపాటు; వాణ్ణి వెనక్కు నెట్టారు. నీటికోసం అర్జీ పెట్టుకోవడానికి కూడా ఇవాళ తీగ కావలసి వస్తోంది.

రెండోదానికి సమాధానం మన వూరి పట్టాలే చెబుతాయి. 1890లలో ఈ ప్రాంతంలో మాంగనీసు తవ్వకం మొదలయింది. ఆ దశకంలోనే తూర్పుతీరపు రైలుమార్గమూ పడింది. మన మన్ను విశాఖ రేవుకు చేరి విదేశాల ఉక్కు కొలుముల్లోకి పోయింది. అందుకని రైలే వద్దన్నవాడు అభ్యుదయవాది కాలేడు. అది ఎవరికోసం నడవాలని అడిగినవాడే అవుతాడు.

కనక అసలు ప్రశ్న వేగం కాదు, పంపకం. ఈ తీగ పనిచేసే తీరే ఆ సంగతి చెబుతుంది. కేంద్రం నుంచి వచ్చే ఒక గాజుపోగులోని వెలుగును చిన్న పెట్టె ఒకటి 32 ఇళ్లకో, 64 ఇళ్లకో చీల్చి ఇస్తుంది. అందరూ వాడుకునేది ఆ ఒక్క ప్రవాహమే. ఇది కాలువ నీటి వంటిది. ఎగువ రైతు తన మడికి నీరెక్కిందని మురిసిపోతే చాలదు. శివారు భూమి తడిసిందా లేదా అన్నదే కాలువకు పరీక్ష.

2011లో కేంద్రం ఆమోదించిన పథకం, తరవాత భారత్‌నెట్ అయినది, రెండున్నర లక్షల పంచాయతీలకు తీగ వెయ్యాలన్నది. 2017లో మన రాష్ట్రం కరెంటు స్తంభాల మీదుగానే తీగ లాగి, నెలకు 149 రూపాయలకు ఇస్తామన్నది. ఇవి మంచి అడుగులే. కాని పంచాయతీ కచేరీ గోడ దగ్గర ఆగిన వెలుగు కూలివాని ఇంటి వెలుగు కాదు. కేరళలో ఒక విద్యార్థిని, ఆడపిల్లల హాస్టల్లో సాయంత్రంపూట ఫోను వాడకూడదన్న నిబంధన మీద కోర్టుకెక్కింది. ఇంటర్నెట్ అందుబాటు చదువుకునే హక్కులో భాగమని 2019లో అక్కడి హైకోర్టు తీర్పు చెప్పింది. ఆ తీర్పు చదివినప్పుడు నాకు చెరువు గట్టు గుర్తొచ్చింది.

ఇక నా సందేహం చెబుతాను. కొత్త తీగకోసం నేను ఒక్కణ్ణే దరఖాస్తు పెట్టాను. ఆ పల్లె సంగతి అడిగితే, అక్కడ గిట్టుబాటు కాదన్నాడు తీగ వేసిన కుర్రాడు. నేను తల వూపి సంతకం చేశాను. ఒక్కణ్ణే అడిగినంతకాలం నేను వట్టి ఖాతాదారుణ్ణి. లాభనష్టాల లెక్కకు ఎదురుచెప్పే హక్కు ఖాతాదారుకు లేదు. పదిమందితో కలిసి అడిగినప్పుడే అది పౌరుని అడగడమవుతుంది. సమష్టి సంపద గురించి తరగతిలో ఇన్నేళ్లు పాఠాలు చెప్పిన నాకు, నా సొంత గుమ్మం దగ్గర ఆ పాఠం గుర్తురాలేదు.

ఇప్పుడు విద్యార్థులతో కలిసి ఆ పల్లె ఇళ్ల జాబితా రాస్తున్నాం, పంచాయతీకి ఇవ్వడానికి. ఆ చెరువు గట్టెక్కిన పిల్లే మొదటి సంతకం చేసింది. నాది చివర వుంది.