ప్రసాదం పడని పిల్లవాడు

పౌరోహిత్యంలోనే నా జుట్టు నెరిసింది. ఎందరు పిల్లల నోటికి పరమాన్నం అందించానో లెక్క లేదు. ఆవుపాలు, బియ్యం, బెల్లం, పైన చెంచాడు నెయ్యి. ఇందులో పిల్లవాడికి పడనిది ఉంటుందా అని ఏ ఇంట్లోనూ నన్నడగలేదు. ఆ ప్రశ్న మా మనవడితో మా గడపలోకే వచ్చింది.

మూడో నెలలో వాడి విరేచనంలో నెత్తుటి చారలు కనిపించాయి. తల్లిపాలు తప్ప మరో చుక్క ఎరగడు. రాజమండ్రిలో పిల్లల డాక్టరమ్మ చూసి, ఆవుపాలలోని ప్రోటీన్ వాడికి పడటం లేదంది. తల్లి తాగిన పాలు, తిన్న పెరుగుల్లోంచి అది కొద్దికొద్దిగా చనుబాలలోకి దిగుతుందట. పాలలోని చక్కెర అరగకపోవడం వేరు, ఇది వేరు అనీ చెప్పింది. ఇంట్లో అందరూ వింతగా విన్నారు గానీ నాకు వింత అనిపించలేదు. బాలింతకు పథ్యం పెట్టిన ఇళ్లు మనవి. తల్లి తిన్నది బిడ్డకు చేరుతుందని మన ముసలమ్మలకు ఎవరు చెప్పారు? కాకపోతే వాళ్లు వద్దన్న వాటిలో నెయ్యి ఎన్నడూ లేదు.

అమ్మాయి పాల పదార్థాలన్నీ మానేసింది. మజ్జిగ లేని భోజనం కూడా ఒక భోజనమేనా అని సణుగుతూనే తింది, కాల్షియం బిళ్లలు వేసుకుంది. కొన్ని వారాలకు చారలు ఆగాయి. డాక్టరమ్మ చెప్పిన మీదట మళ్లీ పెరుగు తిని చూస్తే చారలు తిరిగొచ్చాయి. దాంతో సందేహం తీరింది.

ఎదురింటాయన మేకపాలు పట్టమన్నాడు, గాంధీగారు తాగలేదా అంటూ. మేకపాల ప్రోటీన్ కూడా ఇంచుమించు అలాంటిదే. ఆవుపాలు పడని పిల్లల్లో చాలామందికి అవీ పడవు. గాంధీగారి సంగతి మాత్రం నన్ను ఆలోచింపజేసింది. పాలు ముట్టనని వ్రతం పట్టిన ఆయన 1918 నాటి జబ్బు తర్వాత, వ్రతం పట్టినప్పుడు మనసులో ఉన్నవి ఆవు, గేదె పాలే కదా అని సర్దిచెప్పుకుని మేకపాలు తాగారు. మాట నిలిచినా వ్రతం ఉద్దేశం పోయిందని ఆ బాధ చాలాకాలం మోశారు. మా ఇంట్లో వాడి అన్నప్రాశన దగ్గరపడగానే ఆ చిక్కే ఎదురైంది. పాలు పోసి పరమాన్నం వండితే ఆచారం నిలుస్తుంది, బిడ్డకు బలమివ్వాలన్న అన్నప్రాశన ఉద్దేశం పోతుంది.

మా మరదలు ఊరుకోలేదు. "దేవుడి ప్రసాదం హాని చేస్తుందా, బావగారూ? మీరే ఇలా అంటే ఎలా?" అంది. తేలిగ్గా తోసిపుచ్చే ప్రశ్న కాదు. ప్రహ్లాదుడు విషం జీర్ణం చేసుకున్న కథ నేనూ చెబుతాను. అయితే ఆ నమ్మకం ప్రహ్లాదుడిది. ఉపవాసం ఉండదలిస్తే నేనుంటాను, నిప్పుల గుండం తొక్కదలిస్తే నేను తొక్కుతాను. నా భక్తికి మనవడి పేగును పూచీ పెట్టే హక్కు నాకెక్కడిది? పైగా అమృతం కోసం పాలకడలి చిలికినప్పుడు ముందు పుట్టింది హాలాహలమే కదా అంటే, మరదలు నవ్వలేదు.

గీత 17వ అధ్యాయంలో సాత్త్వికాహారం ప్రస్తావన చూడండి. ఆయుస్సు, బలం, ఆరోగ్యం, సుఖం పెంచేదని ఉంటుంది తప్ప ఒక్క పదార్థం పేరూ ఉండదు, పాల పేరు కూడా. తినేవాడికి ఏమవుతుందన్నదే అక్కడ కొలత. మాది ఆపస్తంబ సూత్రమైనా ఆశ్వలాయన గృహ్యసూత్రం కూడా తిరగేశాను. 6వ నెలలో అన్నప్రాశన చెప్పి, కోరే ఫలాన్ని బట్టి మేకమాంసం, తిత్తిరిపిట్ట మాంసం, నేతి అన్నం అంటూ వేర్వేరుగా చెబుతుంది. తిత్తిరిపిట్టను చప్పుడు చేయకుండా వదిలేసిన మనం, పాలచుక్క దగ్గర ఇంత గోల చేయడమేమిటి?

పూర్వజన్మ కర్మ అన్నవాళ్లూ ఉన్నారు. కర్మ మీద నాకు నమ్మకం ఉంది. నా కష్టం నేను ఓర్చుకోవడానికి అది పనికొచ్చింది. ఒళ్లో బిడ్డతో కూర్చున్న తల్లిని పట్టుకుని ఆ మాట అనేవాళ్లకు మాత్రం శాస్త్రమూ తెలియదు, మర్యాదా తెలియదు.

కొబ్బరిపాలతో, బెల్లంతో పాయసం వండించాను. దేవుడికి ఒకటి, పిల్లవాడికి ఒకటి అని రెండు గిన్నెలు పెట్టనివ్వలేదు. నైవేద్యం అదే, ప్రాశన అదే, మంత్రాలూ మామూలువే. తేనె పెట్టలేదు. ఏడాది నిండని ఏ బిడ్డకూ అది పనికిరాదు. మరదలు అక్షింతలు వేసింది గానీ పాయసం ముట్టలేదు.

చాలామంది పిల్లలకు 3 నుంచి 5 ఏళ్ల లోపు ఇది దానంతటదే తగ్గుతుంది. మళ్లీ పాలు ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టరు చెప్పాలి, చుట్టాలు కాదు. తోటి పురోహితులకు, అర్చకస్వాములకు నాదొక మనవి. పంచామృతం పసివాడి నాలుకకు తాకించే ముందు ఒక్కసారి తల్లి వైపు తిరిగి, "పాలు పడతాయా, అమ్మా?" అని అడగండి.