వెళ్ళొస్తాను అనే మాట



మన ఇళ్ళలో గుమ్మం దాటేవాళ్ళు "వెళ్తున్నాను" అనకూడదు. పొరపాటున అంటే లోపలి నుంచి అమ్మో నానమ్మో "వెళ్ళొస్తాను అనాలిరా" అని దిద్దుతారు. "పోతున్నా" అంటే ఇంకా కోపం, ఎందుకంటే "పోయాడు" అన్న మాటకు మనకున్న ఇంకో అర్థం మీకు తెలుసు. శకునాలు నమ్మని మన క్రైస్తవ ఇళ్ళలో కూడా ఈ ఒక్క పట్టింపు పోలేదు. మా ఇంట్లో పాస్టరుగారు ప్రార్థన చేసి పంపించినా సరే, ఆటో ఎక్కేముందు ఆ మాట అనిపించుకునే పంపేవాళ్ళు.

అమెరికా వచ్చాక ఇదే మాటను చట్టం భాషలో చదవాల్సి వచ్చింది. (ఇక్కడ పదేళ్ళున్న మనవాళ్ళందరం సగం లాయర్లమే, ఫీజు మాత్రం రాదు.) ఇక్కడి చట్టంలో వెళ్ళడానికి చాలా పేర్లున్నాయి. పూర్వం "డిపోర్టేషన్" అన్నదాన్ని 1996లో చేసిన చట్టం "రిమూవల్" అని మార్చింది. పేరు మెత్తబడింది గానీ విమానం అదే. "వాలంటరీ డిపార్చర్" అని ఇంకొకటుంది. పేరులో ఇష్టం ఉన్నా, ఫలానా తేదీలోగా వెళ్ళకపోతే శిక్షలుంటాయి. ఉద్యోగం పోయిన హెచ్-1బి వాళ్ళకు ఇచ్చే 60 రోజుల "గ్రేస్ పీరియడ్" సంగతి చెప్పనక్కర్లేదు. మన ఫెలోషిప్‌లో ఆ 60 రోజులను లెక్కపెట్టిన కుటుంబాలున్నాయి. కృప అనే మాటను ఆదివారం ఒక అర్థంలో, సోమవారం ఇంకో అర్థంలో విన్నవాళ్ళు వాళ్ళు.

వీటన్నిటిలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మామూలు "డిపార్చర్" అనే మాట. దేశం దాటితే వెళ్ళినట్టే కదా, ఇందులో తర్కం ఏముంది అనుకుంటాం. కోర్టులు అలా అనుకోలేదు. ఫ్లూటీ అనే స్విట్జర్లాండ్ దేశస్థుడు 1952 నుంచి ఇక్కడ పర్మనెంట్ రెసిడెంట్. 1956లో ఒకరోజు సరిహద్దు దాటి, మెక్సికోలోని ఎన్సెనాడాలో రెండు గంటలు గడిపి వచ్చాడు. ఆ తిరిగి రావడాన్ని కొత్త ప్రవేశంగా లెక్కగట్టి ఆయన్ని పంపించేయబోయారు. 1963లో సుప్రీంకోర్టు ఆ లెక్క ఒప్పుకోలేదు. ఇక్కడి నివాసాన్ని తెంచుకునే ఉద్దేశం లేకుండా, ఏ చెడ్డ పనికీ కాకుండా, కాసేపు అలా వెళ్ళివస్తే దాన్ని వెళ్ళడం కింద పట్టుకోకూడదంది. తర్వాత 1996 చట్టం ఈ సూత్రాన్ని మార్చేసిందనుకోండి.

రెండో కేసు మనకు ఇంకా దగ్గరిది. 2012 ఏప్రిల్‌లో ఇమిగ్రేషన్ అప్పీళ్ళ బోర్డు ఇచ్చిన ఆ తీర్పు పేరు "అర్రబల్లి అండ్ యెర్రబెల్లి". ఎవరో మన పక్క ఊరివాళ్ళ ఇంటిపేర్లలా లేవూ? ఇండియా నుంచి వచ్చిన భార్యాభర్తలు. ఏడాదికి పైగా స్టేటస్ లేకుండా ఇక్కడ ఉండి, ఆ తర్వాత దేశం వదిలితే పదేళ్ళ నిషేధం పడుతుంది. వింతేమిటంటే, ఆ నిషేధం ఉన్నందుకు కాదు, వెళ్ళినందుకు మొదలవుతుంది. వీళ్ళు గ్రీన్ కార్డు అప్లికేషన్ పెండింగులో ఉండగా, ముందస్తు అనుమతి, అంటే అడ్వాన్స్ పెరోల్ తీసుకుని, ముసలి తల్లిదండ్రులను చూసుకోవడానికి ఇండియా వెళ్ళొచ్చారు. అలా అనుమతితో వెళ్ళి రావడం ఆ నిబంధన చెప్పే "డిపార్చర్" కిందికి రాదని బోర్డు తేల్చింది. వెళ్ళడం వేరు, వెళ్ళిరావడం వేరు అని మన నానమ్మలు గుమ్మం దగ్గర చెప్పేదే కదా ఇది!

ఇక నా సంగతి. మా ప్రయారిటీ డేటు 2014ది. 2020 అక్టోబరులో నేను, నా భార్య, బాబు ముగ్గురం అప్లికేషన్లు పెట్టాం. మరుసటి ఏడాది కొత్త వర్క్ పర్మిట్ మీద ఉద్యోగం మారాను. హెచ్-1 వదిలేసుకున్నట్టే. అడ్వాన్స్ పెరోల్ ఇంకా రాలేదు. అది లేకుండా నాలాంటివాడు దేశం దాటితే అప్లికేషన్ "అబాండన్" చేసినట్టు, అంటే విడిచిపెట్టినట్టు లెక్క. విడిచిపెట్టాలని నీ మనసులో ఉందా లేదా అని అడగరు. నాది పోతే దాని మీద ఆధారపడిన ఆ ఇద్దరివీ పోతాయి.

నవంబరులో అక్క తెనాలి నుంచి ఫోన్ చేసింది. "నాన్న నిన్ను అడుగుతున్నారురా, ఒక్కసారి రా." నేను "రావడానికి కుదరదక్కా, ఇక్కడి రూల్స్ ఒప్పుకోవు" అన్నాను. ఫెలోషిప్‌లో ప్రార్థన విన్నపం కూడా అలాగే చెప్పాను, మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. అత్యవసర అనుమతికి అడిగాను. అపాయింట్‌మెంట్ తేదీ వచ్చేలోగా నాన్నగారు ప్రభువునందు నిద్రించారు. భూస్థాపన ఫోన్‌లో చూశాను.

మీరు నన్ను ఓదార్చారు. చట్టం అలా ఉంటే నువ్వేం చేస్తావన్నారు. అప్పుడు తల ఊపాను గానీ, ఇప్పుడు మీతో ఒక నిజం చెప్పాలి. చట్టం నన్ను వెళ్ళొద్దనలేదు. ఆ రాత్రే టికెట్ కొనుక్కుని వెళ్ళొచ్చు, ఎయిర్‌పోర్టులో ఎవరూ ఆపరు. చట్టం కాదన్నది తిరిగి రావడాన్ని. మధ్యలో ఒక ఎంపిక ఉంది, అది నాది.

"కుదరదు" అన్న మాట చూడండి. తెలుగులో దానికి కర్త ఉండడు. ఎవరికి కుదరదు, ఎవరు కుదరనివ్వలేదు అని చెప్పనక్కర్లేకుండా వాక్యం పూర్తయిపోతుంది. వీలుపడదు, పడలేదు, కాలేదు, అన్నీ అంతే. ఫోన్ పెట్టేయడానికి ఇంతకంటే సుఖమైన మాటలు లేవు. "నా భార్యాబిడ్డల భవిష్యత్తు కోసం నేను రాకూడదని నిర్ణయించుకున్నాను" అని నేను అనలేకపోయాను. ఆ నిర్ణయం తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. ఇంకోసారి అదే పరిస్థితి వస్తే అదే చేస్తానేమో. కానీ సరైన నిర్ణయాన్ని కూడా వేరేవాళ్ళ నెత్తిన పెట్టేస్తే అది అబద్ధమే. ఇద్దరిలో ఒకరిని విడిచిపెట్టక తప్పనప్పుడు, విడిచిపెట్టింది నేనేనని ఒప్పుకోవడం అవతలివాళ్ళకు మనం చెల్లించాల్సిన కనీస బాకీ అని నాకనిపిస్తుంది.

ఆదికాండము 50వ అధ్యాయం అప్పటినుంచి వేరేగా చదువుతున్నాను. తండ్రి చనిపోయాడు. ఐగుప్తులో అంత అధికారం ఉన్న యోసేపు కూడా కనానులో పాతిపెట్టి రావడానికి ఫరో అనుమతి అడిగాడు, అదీ నేరుగా కాదు, ఫరో ఇంటివారి ద్వారా. తిరిగి వస్తానని మాటిచ్చాడు. పిల్లలను, మందలను గోషెనులోనే ఉంచి వెళ్ళారు. ఇది అడ్వాన్స్ పెరోల్ కాక మరేమిటి? నన్ను ఆపేసింది మాత్రం ఇంకో సంగతి. యోసేపు "వెళ్ళొస్తాను" అన్నది కనానుతో కాదు, ఐగుప్తుతో. అమ్మ దగ్గర ఒక "వెళ్ళొస్తాను", ఇక్కడ మేనేజరు దగ్గర ఇంకో "వెళ్ళొస్తాను" చెప్పే మనలో ఏది నిజమో ఆలోచించుకోండి. అడిగితే నా దగ్గరా జవాబు లేదు.

పెరోల్ పత్రం ఫిబ్రవరిలో వచ్చింది. మే నెలలో ఇంటికి వెళ్ళాను. సమాధి దగ్గరికి వెళ్ళొచ్చిన సాయంత్రం వరండాలో అక్కతో అంతా చెప్పాను, రావాలంటే రాగలిగేవాణ్ణని, రాలేదని. తిడుతుందనుకున్నాను.

"నాకు తెలుసురా," అంది. "బావగారు అప్పుడే అన్నారు. కానీ నాన్నకి నువ్వు చెప్పిందే చెప్పాను. ఆఖరి రెండు రోజులూ ఆయన, నిన్ను ఆపిన ఆ ఆఫీసర్ల మనసు మెత్తబరచమని ప్రార్థన చేస్తూనే ఉన్నారు."