తూటా డొల్ల ఎందుకు ఇరుక్కుంది?

విజయనగరం జిల్లాలోని గరివిడి చుట్టూ ఉన్న నేల మాంగనీసు నేల. ఆ పక్కనే ఉన్న కోడూరులో 1892లో మొదలైన తవ్వకమే మన దేశంలో మాంగనీసు గనులకు ఆరంభం. గరివిడికి పేరు తెచ్చిన ఫేకర్ కర్మాగారం తయారుచేసిన ఫెర్రో మాంగనీసు ఉక్కులో కలిసే సరుకు. ఇనుములో గంధకం మిగిలిపోతే ఎర్రగా కాల్చి సాగగొట్టేటప్పుడు పగుళ్లు పడతాయి. మాంగనీసు ఆ గంధకాన్ని తనతో కలిపేసుకుని ఇనుము జోలికి పోనివ్వదు. ఉక్కు పగిలిందంటే ఏది కారణమనాలి? ఉన్న గంధకమా, లేని మాంగనీసా, కొలిమి వేడా? కారణం వెతకడమూ, తప్పు ఒకరి మీద మోపడమూ ఒకే పని అనుకోవడం మనకు అలవాటు. రెండూ కుదరకపోతే ‘మన ఖర్మ’ అని ఊరుకుంటాం. ఈ మూడూ వేరువేరు పనులని, వాటిని కలిపేస్తే మూడూ చెడతాయని నా వాదం. దాన్ని పరీక్షించడానికి బోల్టు రైఫిల్లో డొల్ల ఇరుక్కోవడం మంచి ఉదాహరణ. చూడ్డానికి అది చిన్న లోపం, దాని వెంట పోయిన ప్రాణాలు మాత్రం లెక్కలేనన్ని.

తూటా పేలగానే ఇత్తడి డొల్ల లోపలి ఒత్తిడికి ఉబ్బి, తాను కూర్చున్న ఛాంబర్ గోడకు అతుక్కుంటుంది. మందు పొగ వెనక్కి, కాల్చేవాడి ముఖం మీదికి రాకుండా ఆపేది ఆ అతుకే. గుండు గొట్టం దాటి ఒత్తిడి తగ్గగానే ఇత్తడి కొద్దిగా ముడుచుకుని గోడను వదులుతుంది. అప్పుడు బోల్టు పిడి పైకెత్తితే ఆ మెలిక బలానికి డొల్ల కదులుతుంది, ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం దాని అంచు పట్టుకుని వెనక్కి లాగుతుంది. డొల్ల రాకపోతే అందరి కళ్లూ ముందు ఆ కొక్కెం మీదే పడతాయి, ఎందుకంటే పని ఆగినట్టు కనబడేది అక్కడే. తుపాకులు బాగుచేసే, పని తెలిసిన ఆర్మరర్ కొక్కెం విప్పే ముందు డొల్లను చేతిలోకి తీసుకుని చూస్తాడు. అంచు మీద కొక్కెం కొరికిన గాటు ఉందంటే కొక్కెం పట్టింది, లాగింది, డొల్లే వదల్లేదు. ఒంటి మీద నిలువు గీతలుంటే ఛాంబర్లో తుప్పో గరుకుదనమో ఉంది. పిడి ఎత్తడమే కష్టమైతే ఒత్తిడి మితిమీరి ఉండొచ్చు. అంచు మీద ఏ గుర్తూ లేకుండా డొల్ల లోపలే ఉండిపోతేనే అరిగిన కొక్కెం మీద, దాని స్ప్రింగు మీద, సందులో చేరిన మట్టి మీద అనుమానం పెట్టుకోవాలి. ఆ తర్వాత ఒక్కసారికి ఒక్కటే మారుస్తాడు. అదే రైఫిల్లో వేరే తూటాలు, అవే తూటాలు వేరే రైఫిల్లో. మన న్యాయదర్శనం అన్వయమనీ వ్యతిరేకమనీ పిలిచే పద్ధతి ఇదే. అది ఉంటే ఇది ఉంది, అది లేకపోతే ఇది లేదు.

మొదటి ప్రపంచయుద్ధంలో ఈ పరీక్ష వేలమంది మీద, రక్తం చిందిస్తూ జరిగింది. కెనడా సైన్యం చేతిలో ఉన్నది రాస్ రైఫిల్. దాని పిడిని తిప్పకుండా నేరుగా వెనక్కి లాగాలి, అందువల్ల ఇరుక్కున్న డొల్లను కదిలించే మెలిక బలం తక్కువ. ఛాంబర్ బిగువు. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్రా దగ్గర విషవాయువు మధ్య జర్మన్లు మీదికొస్తుంటే ఆ బోల్టులు కదల్లేదు. సైనికులు బూటు కాలితో తన్ని తెరిచారు. వెయ్యిమందికి పైగా రాస్‌ను పారేసి, చనిపోయిన బ్రిటిష్ సైనికుల లీ-ఎన్‌ఫీల్డు రైఫిళ్లు తీసుకున్నారు. కెనడా సైనిక వ్యవహారాల మంత్రి శామ్ హ్యూస్ రైఫిల్లో లోపం లేదన్నాడు, కొలత తప్పిన బ్రిటిష్ తూటాలే కారణమన్నాడు. అది పూర్తిగా అబద్ధమూ కాదు. ఆ తూటాలు కాస్త లావుగా వచ్చిన మాట నిజం. కానీ ఛాంబర్ కాస్త వదులుగా ఉన్న లీ-ఎన్‌ఫీల్డులో అవే తూటాలు పేలాయి, డొల్లలు బయటికొచ్చాయి. అదే రాస్ రైఫిల్‌ను శుభ్రంగా ఉంచుకుని, తూటాలు ఏరి వాడుకున్న స్నైపర్లు మెచ్చుకున్నారు. కాబట్టి తూటా ఒక్కటే కారణం కాదు, రైఫిల్ ఒక్కటే కాదు. లావు తూటా, బిగువు ఛాంబర్, కందకాల బురద, వరసగా కాల్చిన వేడి, చాలని మెలిక బలం కలిసిన చోటే డొల్ల ఇరుక్కుంది. ఇలా కలిసిన కారణాల మొత్తాన్ని మన నైయాయికులు సామగ్రి అన్నారు.

ఇక్కడ కర్మను నమ్మేవారు ఒక ప్రశ్న వేస్తారు. పక్కపక్కన ఉన్న ఇద్దరిలో ఒకడి రైఫిల్ పేలింది, ఒకడిది పేలలేదు, ఇది పూర్వజన్మ ఫలం కాదా అని. దీనికి జవాబు నాస్తికుల దగ్గర కాదు, ఆస్తిక శాస్త్రంలోనే ఉంది. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహం పిల్లలకు తర్కంలో తొలి పాఠం. ఆ సంప్రదాయంలో ఈశ్వరుడు, కాలం, దిక్కు, అదృష్టం అంటే పుణ్యపాపాల కనబడని శేషం, ఇవన్నీ సాధారణ కారణాలు. పుట్టే ప్రతి కార్యానికీ ఇవి ఉంటాయి. పేలిన రైఫిలుకూ ఉంటాయి, పేలని రైఫిలుకూ ఉంటాయి. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నది, రెండింటికీ మధ్య తేడాను ఎలా చెబుతుంది? ఒక్కొక్కరి అదృష్టం వేరు కదా అనవచ్చు. నిజమే, కానీ ఆ తేడా మనకు తెలిసేది ఫలితం చూశాకే. ఫలితాన్ని బట్టి ఊహించినదాన్నే ఆ ఫలితానికి వివరణగా చెబితే ఒక్క అడుగు కూడా ముందుకు వేయనట్టే. కర్మను నమ్మడం తప్పని నేననను. కనబడే కారణాలు ఇంకా మిగిలి ఉండగా దాన్ని జవాబుగా చెప్పడం ఆ నమ్మకాన్నే చులకన చేయడం అంటాను.

మరో ఆక్షేపణ దీనికన్నా బరువైనది. అన్నీ కలిస్తేనే కార్యమైతే తప్పెవరిది? తూటా చేసినవాడు ఛాంబర్‌ను చూపిస్తాడు, ఛాంబర్ తొలిచినవాడు బురదను చూపిస్తాడు. గరివిడికి అంత దూరం కాని రామతీర్థంలో, గురుభక్తులకొండ మీద ఒకప్పుడు ఉన్న బౌద్ధ భిక్షువులకు ఈ చిక్కు కొత్త కాదు. ఏదీ ఒంటరిగా పుట్టదని చెప్పే ధర్మమే చేతనను, అంటే తెలిసి తలపెట్టడాన్ని, కర్మ అంది. కారణాల గొలుసుకు మొదలు దొరక్కపోయినా, అందులో తెలిసినవాడు ఎక్కడున్నాడో చూపించవచ్చు. తుప్పుకు తెలియదు, ఇత్తడికి తెలియదు. తుపాకీ విషయంలో ఇది మరీ అవసరం. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర కాల్పుల్లో ఇద్దరు గిరిజనులు ప్రాణాలు కోల్పోయిన ఈ ఉత్తరాంధ్రలో, ఆయుధం పనిచేయకపోతేనే మేలు కదా అనేవారు ఉంటారు. వారి బాధ నాకు అర్థమవుతుంది. అయితే కాల్చడం ధర్మమా కాదా అన్నది చేతన గురించిన ప్రశ్న, డొల్ల ఎందుకు ఇరుక్కుందన్నది సామగ్రి గురించిన ప్రశ్న. మొదటిదాని జవాబును రెండోదానిలో వెతికితే హంతకుడు యంత్రం చాటున దాక్కుంటాడు.

అలా చూస్తే ఈప్రాకు ముందు రాస్ రైఫిల్ లోపం చాలావరకు సామగ్రి దోషం. ఈప్రా తర్వాత అది అలా ఉండదు, ఎందుకంటే అప్పటికి సైనికులు చెప్పారు, అధికారులు రాశారు, పక్కనే లీ-ఎన్‌ఫీల్డు రుజువుగా నిలబడింది. కందకాల్లోని మొదటి కెనడియన్ డివిజన్‌కు ఆ వేసవిలోనే లీ-ఎన్‌ఫీల్డులు ఇచ్చారు. వెనక వచ్చిన డివిజన్లు 1916 దాకా రాస్‌తోనే పోరాడాయి, హ్యూస్ దాన్ని వెనకేసుకొస్తూనే ఉన్నాడు. ఆ ఏడాది నవంబరులో అతని పదవి పోయింది. తూటాల కొలత తేడాకు అతను కారకుడు కాడు, ఈప్రా బురదకూ కాడు. తెలిసిన తర్వాత గడిచిన ఆ నెలలకు మాత్రం అతనే జవాబుదారు.