గాలివాన దైవకృత్యమా?

సముద్రతీరమున గాలివాన వచ్చి వేలకొలది జనులు నశించినప్పుడెల్ల మనవారి నోట రెండు మాటలు వినబడుచుండును. ఒకటి దైవకోపము, రెండవది పూర్వజన్మకర్మము. ఇవి భక్తివలన బుట్టిన మాటలవలె కనబడును గాని, విచారించి చూడగా మన కర్తవ్యమును దైవముపైకి ద్రోసి నిశ్చింతగా నుండుటకు కల్పించుకొన్న సాకులని నాకు దోచుచున్నది.

న్యాయస్థానములలో దైవకృత్యమను వాదమొకటి కలదు. "ఇది దైవకృత్యము, నా తప్పు గాదు" అని ప్రతివాది చెప్పుకొనవచ్చును. అయితే చట్టము దానిని ఊరక యొప్పుకొనదు. ఈ యుపద్రవము ముందుగా నూహింప శక్యమైనదా, తగిన జాగ్రత్తచే దప్పింప శక్యమైనదా యని యడుగును. శక్యమే యైనచో ఆ వాదము నిలువదు. పదిరూపాయల దావాకు వర్తించు నీ సూత్రము వేలమంది ప్రాణములకు వర్తింపకుండుట యెట్లు?

1864 వ సంవత్సరము నవంబరు 1 వ తేదీ రాత్రి సముద్రము మచిలీబందరుపైకి పొంగివచ్చినప్పుడు సుమారు ముప్పదివేలమంది మరణించిరి. భారతదేశ వాతావరణశాఖ స్థాపింపబడినదే 1875 లో. కనుక ఆనాటివారి విషయమున పై వాదము కొంతవఱకు నిలుచును. 1977 నవంబరు 19 న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు సుమారు పదివేలమంది పోయిరి. గాలివాన వచ్చుచున్నదని అప్పటికి తెలియకపోలేదు. తెలిసినది తీరమునందలి గుడిసెలవఱకు సరిగా జేరలేదు. 1990 మే నెలలో మఱియొక ఘోరమైన తుపాను కృష్ణాముఖద్వారము చెంతనే తీరము దాటెను. ఆఱు లక్షలకు పైగా జనులను ముందుగా తరలించిరి. మృతులు వేయికి లోపల. పదమూడు సంవత్సరములలో ఆ తీరవాసుల పూర్వజన్మకర్మ మంతగా క్షయించెనా?

కర్మవాదులను ఇంకొకటి యడుగుచున్నాను. ఉప్పెన కొట్టుకొనిపోవునది పల్లమునందలి కూలివారి పాకలను, చేపలు పట్టువారి గుడిసెలను గాని, మెరకనున్న మిద్దెలను గాదేల? పాపులందఱును పాకలలోనే పుట్టుదురా? లోతులేని సముద్రమున గాలి నీటిని నేలమీదికి నెట్టును. కృష్ణ తెచ్చిపోసిన యొండ్రునేల పల్లముగా నుండుటచే ఆ నీటికి అడ్డములేదు. ఇవి పరమేశ్వరుని నియమములు, పక్షపాత మెఱుగవు. ఆ పల్లములో నెవ్వరు కాపురముండవలెనో నిర్ణయించినది మాత్రము మనము.

ఉప్పెన తీసిన పిమ్మట బియ్యము, బట్టలు పంపుట మంచిదే. పంపినవారిని నేను నిందింపను. అయినను "చెప్పినను కదలలేదు, మూర్ఖులు" అని మృతులను గూర్చి మనము సులభముగా ననుచుందుము. నేనును ఒకప్పు డట్లే యంటిని. ఒక గేదె, ఒక వల, నాలుగు కుండలు తప్ప మఱేమియు లేని స్త్రీ వానిని విడిచి రమ్మన్నప్పుడు తటపటాయించుట మూర్ఖతయా? మన దస్తావేజులపెట్టెను విడిచి మనము కదలుదుమా? ఆశ్రయశాల గడపలో కులమడుగుదురని ఆమె వెఱచినదేమో. తిరిగివచ్చునప్పటికి గుడిసెస్థలము మఱియొకరి దగునని వెఱచినదేమో. ఈ భయములకు ముందుగా సమాధానము చెప్పక, గాలి లేచిన దినమున దండోరా వేయించినంతమాత్రమున మన పని తీఱినదా?

మన తీరమున తుపానులు మే నెలలో కొన్ని, అక్టోబరు నవంబరులలో విశేషముగాను వచ్చుచుండును. కావున సోదరులారా, చందాపట్టీని ఆ నెలలకు ముందే త్రిప్పుదము. ధనముకంటె ముందుగా తీరగ్రామములకు బోయి తెలిసికొనవలసినవి కొన్ని కలవు: నడువలేని వృద్ధు లెందఱు, వారిని మోయువా రెవ్వరు, గేదెలను తోలుటకు మెరకచో టెచ్చట, ఆశ్రయశాల తాళపుచెవి యెవ్వరి యింట నున్నది.