మరక ఎక్కడికి పోయింది?

దసరాకు వాహన పూజ అంటే ముందురోజే బళ్లు కడగడం మొదలవుతుంది. పైపైన కడిగితే సరిపోదని చాలామంది బానెట్ కూడా ఎత్తుతారు. లోపల ఆయిల్ ఒలికి ఉంటే పైపు పెట్టి గట్టిగా నీళ్లు కొట్టేస్తారు. నల్లటి నీళ్లు కాలవలో కలుస్తాయి, ఇంజిన్ మెరుస్తుంది, పసుపు కుంకుమలు పెడతారు. మరకను మన ముంగిట్లోంచి ఇంకొకరి ముంగిట్లోకి తోసేస్తే అది శౌచం అవుతుందా? కాదంటాను.

పతంజలి యోగసూత్రాల్లో నియమాలకు శౌచం మొదటిది. అయితే నియమాలకు ముందు యమాలున్నాయి, వాటిలో మొదటిది అహింస. మిగతా యమనియమాలన్నిటికీ అహింసే మూలమనీ, దాన్ని సిద్ధింపజేయడానికే అవి ఉన్నాయనీ వ్యాసభాష్యం విడమరిచి చెప్పింది. కాబట్టి ఎవరికో కీడు చేసి తెచ్చుకున్న శుభ్రతకు ఆ శాస్త్రంలో చోటు లేదు. బాహ్యశౌచానికి మట్టీ నీరూ సాధనాలని చెప్పిందీ ఆ భాష్యమే. ఆ రెంటినీ మనం పాడుచేస్తే తర్వాతివాళ్లు దేనితో శుద్ధి చేసుకోవాలి? ఒక్క ఆయిల్ మార్పులో వచ్చే పాత నూనె పది లక్షల గ్యాలన్ల మంచినీటిని చెడగొట్టగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతోంది. హైదరాబాద్‌లో నాలాలో పడింది హుస్సేన్‌సాగర్‌కో మూసీకో చేరాల్సిందే.

అహింసను ముందు పెట్టుకుంటే పని తీరే మారిపోతుంది. కడిగే మనిషి ఒంటి దగ్గరే మొదలుపెట్టాలి. ఆయిల్ పోసేటప్పుడు ఒలికింది ట్యాపెట్ కవర్ మీదుగా జారి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడుతుంది. అది కాగి ఉంటే పొగ లేస్తుంది, ఒక్కోసారి మంటే అంటుకుంటుంది. అందుకని ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా ఆగాలి. త్వరగా వదులుతుందని పెట్రోలుతో తుడవడం మరీ ప్రమాదం, దాని ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ ఊడదీసి, ఆల్టర్నేటర్‌కీ ఫ్యూజు పెట్టెకీ గాలి లాక్కునే గొట్టానికీ ప్లాస్టిక్ కవర్లు కట్టి, నీళ్లు ముట్టుకోకముందే ఆయిల్‌ను పాత గుడ్డలతో అద్ది తీసేయాలి. నేల మీద పడినదాని మీద రంపపు పొట్టు చల్లాలి. ఆ తర్వాతే నీటిలో కలిసే డీగ్రీజర్ కొద్దిగా రాసి, బ్రష్‌తో రుద్ది, తడిగుడ్డతో తుడవాలి. గుడ్డలూ పొట్టూ మూత ఉన్న డబ్బాలో వేసి, పాత ఆయిల్ తీసుకునే అనుమతి ఉన్నవాళ్లకు అప్పగించాలి. వాడేసిన ఆయిల్‌ను మన దేశపు 2016 నియమాలు ప్రమాదకర వ్యర్థాల్లో చేర్చాయి. పూజ సన్నాహాల్లో ఎవరూ లెక్కలోకి తీసుకోని ఈ అప్పగింతే నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం.

పారే నీటికి మైల అంటదు కదా అని ఒక ఆక్షేపణ. ఆ నమ్మకం మైల గురించి, ఇంజిన్ అరుగుదలలో లోహపు రజను కలిసిన నూనె గురించి కాదు. నీటిలో మలమూత్రాలు, ఉమ్మి, రక్తం, విషాలు వదలకూడదని మనుస్మృతి నాలుగో అధ్యాయంలోనే ఉంది. ఆ గ్రంథంలో నేను ఒప్పుకోలేనివి చాలా ఉన్నాయి, ఈ మాట మాత్రం కాదనలేను. ఫ్యాక్టరీలు వదిలేదాని ముందు మన గ్లాసెడు ఆయిల్ ఎంత అని ఇంకో మాట. ఎదుటివాడి హింస ఎంత పెద్దదైనా మన వ్రతానికి సడలింపు ఇవ్వదు, యమం ఎవరికి వారు పట్టేది. వీటికంటే బలమైన అభ్యంతరం మెకానిక్‌ది: గంటలో బండి కావాలని యజమాని తొందరపెడితే అతను పైపు పట్టక ఏం చేస్తాడు? అతని మాట న్యాయమే. అందుకే ఈ బాధ్యత ముందు బండిగలవాళ్లది. పూజకు రెండురోజుల ముందే బండి అప్పగించి, గుడ్డలకూ డబ్బాకూ అదనపు శ్రమకూ డబ్బు విడిగా ఇచ్చి, నీళ్లు కొట్టొద్దని నోటితో చెప్పాలి.